ప్రైమరీ పిల్లలకు గుణింతం, ఒత్తులు, ద్విత్వం, సంయుక్తం... రివిజన్‌లో ఏవి చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?

మూడోతరగతి_టీచర్ (నల్గొండ జిల్లా) | సోమవారం సాయంత్రం 6:40

అందరికీ నమస్కారం. నేను మా బడిలో మూడు, నాలుగు తరగతులకు తెలుగు చెప్తాను. ఎస్ఏ-2 (ఏడాది చివరి పరీక్ష) దగ్గరపడుతోంది, రివిజన్ మొదలుపెట్టాలి. పాఠాల సంగతి ఎలాగో లాగించేయొచ్చు గానీ నాకు టెన్షనంతా ఈ పేర్లతోనే. అచ్చులు, హల్లులు, గుణింతం గుర్తులు, ఒత్తులు, ద్విత్వాక్షరం, సంయుక్తాక్షరం (వేరే హల్లు ఒత్తు చేరినది), సంశ్లేషాక్షరం (రెండు ఒత్తులు చేరినది), ఆ తర్వాత పదం, వాక్యం, పేరా, విరామచిహ్నాలు, నామవాచకం, సర్వనామం, క్రియ, విశేషణం, అవి కాక వ్యతిరేకపదాలు, పర్యాయపదాలు, ప్రకృతి-వికృతులు. ఎనిమిదేళ్ళ పిల్లల నెత్తిన ఇన్ని పేర్లు.

ఇవాళ ఒక పాపను లేపి ద్విత్వాక్షరం అంటే ఏంటమ్మా అని అడిగితే "ఒక హల్లుకు అదే హల్లు యొక్క ఒత్తు చేరితే దానిని ద్విత్వాక్షరం అంటారు" అని ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది. బోర్డు మీద "మజ్జిగ" అని రాసి చదవమంటే "మ... జి..." అని ఆగిపోయింది. పక్కన కూర్చున్న బాబుకి నిర్వచనం ఒక్క ముక్క రాదు, కానీ మజ్జిగ, కొబ్బరి, గుమ్మడికాయ అన్నీ గడగడా చదివేశాడు. ప్రశ్నపత్రంలో "ద్విత్వాక్షరం అనగానేమి" అని వస్తే మార్కు ఆ పాపకి పడుతుంది, ఈ బాబుకి పడదు. ఇది నాకు మింగుడు పడడం లేదు.

మీ బడుల్లో ఏ పేర్లు తప్పనిసరి అనుకుంటున్నారు, ఏవి వదిలేస్తున్నారు, రివిజన్ ఎలా చేయిస్తున్నారు? అనుభవంతో చెప్పండి దయచేసి. తల్లిదండ్రులు కూడా రాయొచ్చు.

రిటైర్డ్_హెచ్ఎం (తెనాలి) | సోమవారం రాత్రి 7:25

అమ్మా, ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. గుణింతం మన పెద్దవాళ్ళు పాటలాగా చెప్పించేవాళ్ళు కదా, "కకు తలకట్టిస్తే క, కకు దీర్ఘమిస్తే కా, కకు గుడిస్తే కి, కకు గుడిదీర్ఘమిస్తే కీ, కకు కొమ్మిస్తే కు" అని. అందులో గుర్తు పేరూ, దాని రూపమూ, దాని శబ్దమూ మూడూ కలిసే వస్తాయి. కాకపోతే నోటితో చెప్తూనే చేత్తో రాయాలి, అది లేకపోతే ఉత్త పాటే మిగులుతుంది. ఇప్పుడు ఆ పలక లేదు, ఆ నోటిపాఠం లేదు, జిరాక్సు తీసిన వర్క్‌షీట్లో గళ్ళు నింపడం ఒకటి వచ్చింది. మూడో తరగతికొచ్చిన పిల్లాడికి ఎత్వం ఏదో ఏత్వం ఏదో తెలియకపోతే దోషం పిల్లాడిది కాదు.

నన్నడిగితే అచ్చు, హల్లు, గుణింతం గుర్తుల పేర్లు, ఒత్తు, సున్న, విసర్గ, పొల్లు ఇవి మూడో తరగతికి తప్పనిసరి. ద్విత్వం, సంయుక్తం అనే పేర్లు నాలుగులో చెప్పినా కొంప మునగదు. అరసున్న, వలపలగిలక, ఌ, ౡ వీటి జోలికి అసలు పోకండి, వాడుకలో లేనివి పిల్లల చేత రాయించి ఏం లాభం. సంధులూ సమాసాలూ నాలుగో తరగతి నుంచే బట్టీ పట్టిస్తున్న ప్రైవేటు బడులు నేను చూశాను, చూసి బాధపడ్డాను.

డైట్_విద్యార్థిని (కరీంనగర్) | సోమవారం రాత్రి 8:10

సార్, మీ మాట కాదనడం కాదు గానీ పాటతో ఒక చిక్కుంది. మేము డైట్ (టీచర్ ట్రైనింగ్ కాలేజీ) నుంచి ప్రాక్టీస్ టీచింగ్‌కి వెళ్ళిన బడిలో రెండో తరగతి బాబు క గుణింతం మొత్తం ఒక్క తప్పు లేకుండా పాడాడు. తర్వాత కార్డు మీద "కొ" ఒక్కటే రాసి చూపిస్తే వేళ్ళు మడుచుకుంటూ క, కా, కి, కీ అని మొదట్నుంచీ లోపల పాడుకుని కొ దగ్గరికి వచ్చాడు. ఇంకో అక్షరానికి మధ్యలో ఒక మెట్టు జారి "కో" అన్నాడు. అంటే వాడికి వరస వచ్చింది, గుర్తు రాలేదు. పాట పాడించాక వరస తప్పించి అడగడం ఖచ్చితంగా ఉండాలి. కే చూపించు, కు చూపించు, ఇప్పుడు దీన్నే మ గుణింతంలో రాయి, అలా.

ఇంకోటి, అన్ని గుణింతాలూ క లాగే ఉండవు. మొ, యొ చూడండి, వాటికి ఒత్వం కొ లో ఉన్నట్టు ఉండదు, మె రాసి కొమ్ము తగిలించినట్టు ఉంటుంది. పు, ఫు, వు లకు కొమ్ము వేసే చోటే వేరు. జ, ట, ణ, బ, ల లాంటివాటికి తలకట్టు విడిగా కనిపించదు, "తలకట్టిస్తే" అంటే పిల్లలు ఎక్కడుందని వెతుక్కుంటారు. పాటలో ఇవేవీ తెలియవు. రివిజన్లో క గుణింతాన్ని పదిసార్లు తిప్పే బదులు మ, య, ప, వ గుణింతాలు ఒక్కోసారి రాయిస్తే ఎక్కువ పనికొస్తుంది.

మాకు క్లాసులో అక్షర పద్ధతి, పద పద్ధతి, వాక్య పద్ధతి అని మూడూ చెప్తారు. పరీక్ష రాయడానికి మేము వాటిని విడదీసుకుంటాం గానీ బడిలో మంచి టీచర్లు మూడూ కలిపే వాడుతున్నారు.

రిటైర్డ్_హెచ్ఎం | సోమవారం రాత్రి 8:22

వరస తప్పించి అడగాలి, ఒప్పుకుంటాను తల్లీ. మేమూ అడిగేవాళ్ళం.

సిక్కోలు_మాష్టారు (శ్రీకాకుళం జిల్లా) | సోమవారం రాత్రి 10:05

ఆలస్యంగా చూశాను, కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

టీచరమ్మా, ఏ పేరు ఉంచాలి ఏది తీసేయాలి అన్నదానికి నేను ఒక్కటే చూసుకుంటాను. పిల్లల నోట్‌బుక్ దిద్దేటప్పుడు నా నోట రోజూ వచ్చే పేర్లు ఏవో అవి పిల్లలకు రావాలి. "ఇక్కడ దీర్ఘం వదిలేశావు", "ఇది ఎత్వం కాదు ఏత్వం", "కింద ఒత్తు ఏదీ", "సున్న పెట్టలేదు", "వాక్యం అయిపోయింది, చుక్క పెట్టు". ఈ మాటలు పిల్లాడికి అర్థం కాకపోతే నేను ఏం దిద్దినా వాడికి ఎర్ర సిరా గీతే కనిపిస్తుంది, మళ్ళీ రేపు అదే తప్పు చేస్తాడు. అదే ద్విత్వం, సంశ్లేషం అనే పేర్లు తీసుకోండి. "ఇక్కడ సంశ్లేషాక్షరం తప్పు రాశావు" అని నేనెప్పుడూ అనను, "స కింద త ఒత్తు, దాని పక్కన ర ఒత్తు పెట్టు" అంటాను. కాబట్టి ఆ పేర్లు పరీక్ష కోసం ఒకసారి చెప్పి వదిలేస్తాను, మొదటి రకం పేర్లు మాత్రం ఏడాదంతా వాడుతూనే ఉంటాను. వాటికి వేరే రివిజనే అక్కర్లేదు.

ఇక ఒత్తుల సంగతి. మనం పిల్లలకు చేసే అన్యాయం ఇక్కడ ఒకటుంది. "ఒత్తు" అనే మాట రెండు పనులకు వాడేస్తాం. అక్షరం కింద రాసే ఒత్తు ఒకటి. ఖ, ఘ, థ, ధ, భ లను "ఒత్తు ఖ, ఒత్తు ధ" అంటాం, అది రెండోది. డిక్టేషన్లో "ధనం, ఒత్తు ధ" అని చెప్తే ఒక పాప ద కింద ద ఒత్తు పెట్టి "ద్దనం" అని రాసింది. ఆ పాప నేను చెప్పినట్టే రాసింది, అందులో తప్పేముంది? అప్పట్నుంచి మా బడిలో కింద రాసేదాన్ని మాత్రమే ఒత్తు అంటున్నాం, ఖ ఘ థ ధ భ లను "గట్టి ఖ, గట్టి ధ" అంటున్నాం. మహాప్రాణాలు అనే పేరు పెద్ద తరగతుల్లో నేర్చుకుంటారు. ఏ పేరైనా ఫరవాలేదు, ఒక బడిలో టీచర్లందరూ ఒకే పేరు వాడాలి. రెండో తరగతి టీచరు "గుడి" అని, మూడో తరగతి టీచరు "ఇత్వం" అని అంటే పిల్లలు అవి రెండు వేర్వేరు సంగతులనుకుంటారు.

చదవడంలో అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది సంయుక్తాక్షరాలే. "భక్తి" తీసుకోండి. నోటితో పలికేటప్పుడు క్, త్, ఆ తర్వాత ఇ. రాతలో మాత్రం గుడి పైనున్న క మీదే ఉంటుంది, త ఒత్తు కింద ఉంటుంది. పిల్లాడు కళ్ళకు కనిపించిన వరసలో "భ-కి-త" అని చదువుతాడు. వాడి తర్కం ప్రకారం అది సరైనదే. "స్త్రీ" అయితే మరీను, గుడిదీర్ఘం స మీద, త ఒత్తూ ర ఒత్తూ తర్వాత. దీన్ని ఎవరూ విడమరిచి చెప్పరు, నిర్వచనం మాత్రం రాయిస్తారు. నేను బోర్డు మీద ఇలా చేస్తాను: ముందు "భక" రాసి చదివిస్తాను, తర్వాత క కింద త ఒత్తు పెట్టి "భక్త" అని చదివిస్తాను, చివర్న క తలకట్టు చెరిపి గుడి వేసి "భక్తి" అంటాను. గుర్తు పైనున్నదాని మీద ఉన్నా చివర్లో పలకాలి అని చేత్తో చూపిస్తాను. ఇదే వరసలో శక్తి, ముక్తి, పంక్తి చేస్తే పిల్లలకు పట్టు చిక్కుతుంది.

రాతలో దీనికి అద్దం లాంటి తప్పు ఉంటుంది. "పుస్తకం" బదులు "పుత్సకం", "సూర్యుడు" బదులు "సూయ్రుడు". రెండు హల్లులూ వినపడ్డాయి, ఏది పైన ఏది కింద అన్నదే తారుమారైంది. ముందు వినపడింది పైన, తర్వాత వినపడింది కింద. ఈ ఒక్క మాట పట్టుకుంటే సగం తప్పులు పోతాయి. "సంయుక్తాక్షరం అనగా" అని రాయించే బదులు ఈ మాట రాయించండి.

కూకట్‌పల్లి_అమ్మ (హైదరాబాద్) | సోమవారం రాత్రి 10:40

మాష్టారూ, "భ-కి-త" మా ఇంట్లో రోజూ వినపడేదే. కారణం ఇప్పుడు తెలిసింది, చాలా థ్యాంక్స్ అండి.

మా బాబు ఇంగ్లిష్ మీడియం, నాలుగో తరగతి. 2018లో చట్టం వచ్చాక తెలంగాణలో అన్ని బడుల్లో తెలుగు ఉండాల్సిందే కాబట్టి వీడికీ తెలుగు పీరియడ్ ఉంది, అంతవరకు సంతోషం. కానీ వీడి బుర్రలో ఇంగ్లిష్ పేర్లు ముందు కూర్చున్నాయి. అచ్చులు ఎన్ని నాన్నా అంటే "ఐదు" అంటాడు, వవల్స్ ఐదు కదా అని. నౌన్, ప్రొనౌన్, వెర్బ్ అన్నీ తెలుసు, నామవాచకం అంటే బిక్కమొహం వేస్తాడు. నేను "అది నౌనే రా" అనేస్తే వెంటనే పట్టేస్తాడు. అలా చెప్పడం తప్పా? వాళ్ళ టీచర్ తెలుగులోనే చెప్పాలంటున్నారు.

సిక్కోలు_మాష్టారు | సోమవారం రాత్రి 10:58

తప్పేం లేదమ్మా, తెలిసినదాని మీదుగా తెలియనిది చెప్పడమే కదా చదువు. ఆంధ్రాలో 2020 నుంచి మా ప్రైమరీ పుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ వేస్తున్నారు, తర్వాత తెలంగాణలోనూ రెండు భాషల పుస్తకాలు వచ్చాయి. పిల్లలు రెండు పేజీలూ చూసుకుంటారు. నామవాచకం, సర్వనామం, క్రియ వరకు నౌన్, ప్రొనౌన్, వెర్బ్‌తో జతచేసి చెప్పినా ఇబ్బంది రాదు.

రెండుచోట్ల మాత్రం జాగ్రత్త. అచ్చుల దగ్గర ఇంగ్లిష్ లెక్క పనికిరాదు. మన అచ్చుల్లో హ్రస్వం, దీర్ఘం విడివిడి అక్షరాలు. ఇ వేరు, ఈ వేరు. ఎ వేరు, ఏ వేరు. పొట్టి, పొడుగు అని పిల్లలకు చేత్తో చూపిస్తే చాలు, అది పట్టుబడకపోతే "పులి", "పూలు" మధ్య తేడా జీవితాంతం తడబడతారు. రెండోది వాక్యం. ఇంగ్లిష్ గ్రామర్ చూసి కొన్ని గైడుల్లో "ప్రతి వాక్యంలో క్రియ తప్పనిసరిగా ఉండాలి" అని వేస్తున్నారు. మన భాషలో "ఆమె మా అమ్మ", "ఇది మా బడి", "మా ఊరు పలాస" ఇవన్నీ నిండు వాక్యాలే, వీటిలో క్రియాపదం ఎక్కడుంది? ఒక పిల్లాడు "ఇది మా బడి" రాస్తే క్రియ లేదని కొట్టేసిన పేపరు నేను చూశాను. ప్రైమరీలో వాక్యం అంటే "విన్నవాడికి పూర్తిగా అర్థమయ్యే మాట" అని చెప్తే సరిపోతుంది. "మా బడి" అని ఆపేస్తే ఎదుటివాడు "మీ బడికి ఏమైంది?" అని అడుగుతాడు, అంటే వాక్యం కాలేదు. "ఇది మా బడి" అంటే ఇక అడిగేదేమీ లేదు.

ఉట్నూరు_సార్ (ఆదిలాబాద్ జిల్లా) | మంగళవారం ఉదయం 7:15

ఇక్కడ నాది కొంచెం వేరే గోడు. మా పిల్లలు గోండి మాట్లాడే ఇళ్ళ నుంచి వస్తారు. ఒకటో తరగతిలో వాళ్ళకు తెలుగే రెండో భాష, దాని మీద ఇప్పుడు ఇంగ్లిష్ మీడియం. మీరంతా అక్షరం పేరు, గుర్తు పేరు అంటుంటే నేను పదం దగ్గరే ఆగిపోతున్నాను. "ఉడుత" అని రాసి ఉ ఎక్కడ అని అడిగితే చూపిస్తారు, ఉడుత అంటే ఏంటో తెలియదు. చదివారు కానీ చదవలేదు. అర్థం తెలియని పదాన్ని తప్పు చదివినా పిల్లాడికి తప్పని తెలియదు, సరిచూసుకోడానికి వాడి దగ్గర ఏమీ లేదు. తెలుగు ఇంటి పిల్లాడు "మజిగ" అని చదివినా వెంటనే "ఓ, మజ్జిగ" అని సర్దుకుంటాడు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కోయ, కువి, గోండి లాంటి గిరిజన భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చారు, ఇంటి భాషలో మొదలుపెట్టి మెల్లగా తెలుగుకి తీసుకురావాలని. ఆలోచన చాలా మంచిది. ఆ పద్ధతి తెలిసిన సీనియర్ టీచర్ల దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది: బొమ్మ, వస్తువు, మాట ముందు, అక్షరం తర్వాత, పేరు అన్నిటికన్నా చివర. నా క్లాసులో గోడ మీద చార్టులో గుణింతం గుర్తుల పేర్లు ఉంటాయి గానీ వాటిని నేను పరీక్ష పెట్టను. "దీర్ఘం" అంటే చేయి సాగదీసి చూపిస్తాం, పిల్లలూ చేయి సాగదీస్తారు. "సున్న" అంటే మూతి మూసి ముక్కుతో. అంతే.

మూడోతరగతి_టీచర్ | మంగళవారం ఉదయం 7:50

సార్, ఆ సున్న గురించి ఇంకొంచెం చెప్తారా? మా పిల్లలు "పన్డు", "కన్చం", "పామ్పు" అని రాస్తున్నారు. ఎన్నిసార్లు దిద్దినా అంతే.

ఉట్నూరు_సార్ | మంగళవారం ఉదయం 8:05

వాళ్ళు చెవితో విన్నదే రాస్తున్నారు మేడమ్. సున్నకు సొంత శబ్దం లేదు, పక్కనొచ్చే అక్షరాన్ని బట్టి మారుతుంది. పండులో ఒకలా, పంపులో మ్ లాగా, వంకాయలో ఇంకోలా వినపడుతుంది. పదం చివర "పుస్తకం" అన్నప్పుడు మళ్ళీ మ్. పిల్లలకు ఇదంతా చెప్పక్కర్లేదు. "మధ్యలో ముక్కుతో పలికి వెంటనే ఇంకో హల్లు వస్తే అక్కడ సున్న" అని చెప్పి వంకాయ, కంచం, పండు, సంత, పంపు ఐదూ ఒకే వరసలో రాయించండి. ఐదు చోట్ల ఐదు రకాలుగా వినపడినా గుర్తు ఒక్కటే అని వాళ్ళే చూస్తారు. కన్ను, అమ్మ లాంటి ద్విత్వాలు ఆ రోజు కలపకండి, మర్నాడు చెప్పండి.

వారాంతపు_తెలుగు (న్యూజెర్సీ) | మంగళవారం ఉదయం 9:30

ఇక్కడ మేము ఆదివారాలు తెలుగు తరగతి నడుపుతాం, నేను వలంటీర్‌ని. మా పిల్లలకు బడిలో సిలబుల్స్‌ని చప్పట్లు కొట్టి లెక్కపెట్టడం కిండర్‌గార్టెన్‌లోనే నేర్పిస్తారు. నేను దాన్నే తెలుగుకి వాడుతున్నాను. పు-స్త-కం మూడు చప్పట్లు, రాస్తే మూడు అక్షరాలు. సూ-ర్యు-డు మూడు. మ-జ్జి-గ మూడు. కింద ఎన్ని ఒత్తులు వేలాడుతున్నా చప్పట్లు పెరగవు, కాబట్టి ఒత్తు విడి అక్షరం కాదు, పైదానితో కలిసి ఒకటే అని పిల్లలకు అర్థమైపోతుంది. డిక్టేషన్లో మూడు చప్పట్ల పదానికి పిల్లాడు నాలుగు అక్షరాలు రాస్తే వాడే లెక్క సరిచూసుకుంటాడు. "బస్", "పెన్" లాంటి పొల్లుతో అయ్యే పదాలు మాత్రం ఇందులో పెట్టకండి, అక్కడ లెక్క కుదరదు.

ఇంకో మాట. ఇక్కడి బడుల్లో సైట్ వర్డ్స్ అని ఉంటాయి, ఎడ్వర్డ్ డోల్చ్ అనే ఆయన 1930లలో చేసిన 220 పదాల జాబితా ఇప్పటికీ వాడుతున్నారు, చూడగానే చదివేయాలని. ఇంగ్లిష్‌లో స్పెల్లింగ్‌కీ పలుకుబడికీ పొంతన తక్కువ కాబట్టి వాళ్ళకు అది కావాలి. తెలుగుకి అదే మోతాదులో అక్కర్లేదు, రాసినట్టే చదువుతాం. కానీ అది, ఇది, ఉంది, లేదు, వచ్చింది, చెప్పాడు, నాకు, మన, ఎందుకు లాంటివి కార్డుల మీద రాసి చటుక్కున చదివించే ఆట ఆడిస్తే పేరా చదివేటప్పుడు పిల్లలకు ఊపు వస్తుంది.

డైట్_విద్యార్థిని | మంగళవారం మధ్యాహ్నం 1:20

చప్పట్ల ఐడియా బాగుందండి, రేపే చేసి చూస్తాను.

చదివే వేగం గురించి ఒకటి అడగాలి. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల్లో చదవడం, లెక్కల కోసం కేంద్రం పెట్టిన కార్యక్రమం) లక్ష్యాల్లో మూడో తరగతి చివరికి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని ఉంది. మన తొలిమెట్టు (తెలంగాణలో అలాంటి కార్యక్రమమే) ట్రైనింగుల్లో కూడా వేగం గురించి మాట్లాడారు. కానీ తెలుగులో "వెళ్ళిపోతున్నాడంట" కూడా ఒక్క పదమే కదా, ఇంగ్లిష్‌లో అదే మూడు నాలుగు పదాలు. మన పిల్లలకు అదే లెక్క ఎలా?

రిటైర్డ్_హెచ్ఎం | మంగళవారం మధ్యాహ్నం 2:45

మంచి ప్రశ్న తల్లీ. ఈ తేడా తెలుసు కాబట్టే 2022లో ఎన్‌సీఈఆర్‌టీ (కేంద్ర విద్యా పరిశోధన సంస్థ) మూడో తరగతి పిల్లల మీద చేసిన సర్వేని 20 భాషల్లో చేసి ఏ భాషకు ఆ భాష విడిగా కొలత పెట్టింది. బడిలో టీచరు స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చోనక్కర్లేదు. 2005 నుంచి అసర్ సర్వేవాళ్ళు (పల్లెల్లో పిల్లల చదువును ఇంటింటికీ వెళ్ళి చూసేవాళ్ళు) వాడే చిన్న కాగితం గుర్తుందా, అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. అలాంటిది మీరే ఒకటి చేసుకుని ప్రతి పిల్లాణ్ణీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి. ఎక్కడ ఆగుతున్నాడో అక్కడ్నుంచి వాడి రివిజన్. పేరా దగ్గర ఆగినవాడికి వర్ణమాల మళ్ళీ చెప్తే విసుగు, అక్షరం దగ్గర ఆగినవాడికి నామవాచకం చెప్తే దండగ.

కూకట్‌పల్లి_అమ్మ | మంగళవారం రాత్రి 9:10

ఇంకో డౌట్ అండి, ఇంట్లో మా ఆయనకీ నాకూ వాదన అయిపోయింది. "బుద్ధి" ద్విత్వమా, సంయుక్తమా? బాబు నోట్సులో ద్విత్వం కింద రాశాడు, టీచర్ టిక్ పెట్టారు. ఆయన తప్పంటున్నారు.

సిక్కోలు_మాష్టారు | మంగళవారం రాత్రి 9:35

మీవారే రైటమ్మా. ద కింద ఉన్నది ధ ఒత్తు. ద, ధ వేర్వేరు హల్లులు కాబట్టి సంయుక్తం. "పెద్ద" అయితే ద్విత్వం. కానీ ఇలాంటి పదం నాలుగో తరగతిలో ద్విత్వ సంయుక్తాల కింద ఇవ్వడం టీచరు చేయకూడదు, పెద్దవాళ్ళే తడబడుతుంటే పిల్లలేం చేస్తారు. బాబు "బుద్ధి" అని ధ ఒత్తుతో సరిగ్గా రాశాడా? రాస్తే చాలు.

అన్నట్టు "కృష్ణుడు" ఎలా రాస్తున్నాడో కూడా చూడండి. క్రిష్ణుడు, క్రుష్ణుడు అని చాలామంది రాస్తున్నారు. వట్రసుడి (ఋ గుర్తు) అనే పేరు నేను వదలకుండా చెప్పించే పేర్లలో ఒకటి. కృ, గృ, మృ, వృ నాలుగు చాలు: కృషి, గృహం, మృగం, వృక్షం. వీటి పక్కన క్రావడి (ర ఒత్తు) పదాలు పెట్టండి: చక్రం, గ్రామం, వ్రతం. క్రావడి పదాల్లో ర తర్వాత అ, ఆ పలుకుతాయి, వట్రసుడి పదాల్లో పలకవు. పక్కపక్కన ఉంటేనే తేడా కంటికి ఆనుతుంది.

మూడోతరగతి_టీచర్ | బుధవారం సాయంత్రం 5:55

అందరికీ చాలా చాలా కృతజ్ఞతలు. ఇవాళ హెచ్ఎం సార్ చెప్పినట్టు ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించాను. నా మొదటి పోస్టులో చెప్పిన పాప పదాల దగ్గర ఆగుతోంది, అదీ ఒత్తులున్న పదాల దగ్గర మాత్రమే. గుణింతంలో ఎక్కడా తడబడలేదు. "మజ్జిగ"ని మాష్టారు చెప్పినట్టు ముందు "మజగ" అని, తర్వాత "మజ్జగ" అని, చివర్న గుడి వేసి "మజ్జిగ" అని కట్టుకుంటూ వచ్చాను, చదివింది. తర్వాత గజ్జెలు, బజ్జీ తనే చదివింది. ఒత్తుల్లో త, న, మ, య, ర, ల వీటికి అక్షరానికీ ఒత్తుకీ పోలిక ఉండదు, అవి విడిగా ఇంకోసారి చూపించాలి అనిపించింది.

మా బడిలో మిగతా ఇద్దరు టీచర్లతో మాట్లాడి పేర్లు ఒకటే అనుకున్నాం. మూడో తరగతికి తలకట్టు నుంచి ఔత్వం దాకా గుర్తుల పేర్లు, వట్రసుడి, సున్న, ఒత్తు, పొల్లు, పదం, వాక్యం, చుక్క, కామా, ప్రశ్న గుర్తు. నాలుగుకి ద్విత్వం, సంయుక్తం, నామవాచకం, సర్వనామం, క్రియ, విశేషణం. సంశ్లేషం ఐదులో. పరీక్ష పేపరు మండలం నుంచి వస్తుంది కాబట్టి నిర్వచనాలు చివరి రెండు రోజులు చూపిస్తాం, అదీ ఉదాహరణతోనే. "ద్విత్వాక్షరం అనగానేమి" అని కాకుండా "కింది పేరాలో ద్విత్వాక్షరాలున్న పదాలకు గీత గీయండి" అని అడగమని కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బడుల టీచర్ల సమావేశంలో) చెప్పబోతున్నాను. మీరూ మీ మండలాల్లో చెప్పండి, పదిమంది అడిగితే మారుస్తారు.

ఒక సాయం. రేపటి డిక్టేషన్‌కి ఒత్తుల పదాలు ఎవరైనా పెట్టగలరా? తేలిక నుంచి కష్టానికి వెళ్ళేలా.

సిక్కోలు_మాష్టారు | బుధవారం రాత్రి 7:20

తీసుకోండమ్మా. మొదట అక్క, చెట్టు, పిల్లి, పువ్వు, గుమ్మం. తర్వాత కొబ్బరి, మజ్జిగ, ముగ్గురు, నిచ్చెన. ఆ తర్వాత పద్యం, వర్షం, చక్రం, పుస్తకం, సూర్యుడు, చంద్రుడు, భక్తి. బాగా రాసేవాళ్ళకు చివర్లో రాష్ట్రం, లక్ష్మి. ఒక్కో పదం రెండుసార్లు నిదానంగా చెప్పండి, మూడోసారి వాక్యంలో పెట్టి చెప్పండి. రాసాక పక్కవాడితో పుస్తకం మార్పించి, మీరు బోర్డు మీద రాసింది చూసి వాళ్ళనే దిద్దుకోమనండి. తప్పు ఏమిటో పేరు పెట్టి చెప్పాలి, "దీర్ఘం లేదు", "ఒత్తు మారింది" అని. మీ పేర్ల రివిజన్ అక్కడే అయిపోతుంది.

వారాంతపు_తెలుగు | బుధవారం రాత్రి 8:45

ఇదే జాబితా మా ఆదివారం తరగతికి కూడా వాడుకుంటాను మాష్టారూ. "నిచ్చెన" మా పిల్లల్లో చాలామంది చూసి ఉండరు, బొమ్మ గీసి చూపిస్తాను.